బిగిసిన కండరములు - వాటి సంరక్షణ

పక్షవాతము వచ్చినదనగానే కాలు, చేయి చచ్చుపడినవని మనవారు చెప్పుకొందురు. పడిపోయిన చేయి వదులుగా వ్రేలాడుచుండునని అందరి ఊహ. మొదటి దినములలో అది చాలవరకు నిజమే. కాని కొన్ని వారములు, కొన్ని నెలలు గడచునప్పటికి అనేకులలో ఇందుకు విరుద్ధమైన మార్పు కనిపించును. మోచేయి ముడుచుకొని రొమ్మునకు చేరును. పిడికిలి బిగుసుకొని గోళ్ళు అరచేతిలో గ్రుచ్చుకొనును. కాలు కట్టెవలె చాచుకొని మడమ నేలకానదు. ఇట్టిదే కొందరు పసిబిడ్డలలోను కలుగును. స్నానము చేయించుటకు తల్లి బిడ్డ తొడలను విడదీయబోయినచో అవి కత్తెరవలె ఒకదానిపై నొకటి అడ్డుపడును. వైద్యులు దీనిని స్పాస్టిసిటీ అందురు. మనము కండరముల బిగువు అని చెప్పుకొందము. ఈ బిగువు ఏల కలుగును, దీనిని ఎంతవరకు తగ్గింపవచ్చును, ఎప్పుడు తగ్గింపరాదు, ఇంటిలోనివారు చేయదగిన పని ఏమి అను విషయములను ఈ ప్రసంగమున వివరింతుము.

మొట్టమొదట తెలిసికొనవలసినది ఒకటి కలదు. బిగిసినది కండరమైనను, మొదట చెడినది కండరము కాదు. లోపము మెదడులోనో వెన్నుపాములోనో ఉన్నది. ఈ సంగతి తెలియకపోవుటచేతనే చాలమంది బిగిసిన చోటనే బలప్రయోగము చేయుదురు. తైలము పట్టించి, పిడికిలి లాగి, మోకాలిని అదిమి వంచి, ఒక్కనాటిలో సరిచేయ జూతురు. అందువలన మేలు కలుగకపోవుటయే కాక బిగువు మరింత హెచ్చును. ఏల హెచ్చునో చూతము.

ఇద్దరు మనుష్యులు పెద్ద ఱంపముతో దుంగను కోయుట మీరు చూచియుందురు. ఒకడు లాగునప్పుడు రెండవవాడు పట్టు సడలించును. ఇద్దరును ఒక్కసారి లాగినచో ఱంపము కదలదు. మన కీళ్ళవద్ద కండరములు పనిచేయు తీరు ఇట్టిదే. మోచేతిని ముడుచు కండరము ముందువైపునను, చాచు కండరము వెనుకవైపునను ఉన్నవి. ఒకటి ముడుచుకొనునప్పుడు రెండవది సడలవలెను. ఈ ఒడంబడిక వెన్నుపాములోని నాడీకణముల మూలమున జరుగును. ఆంగ్ల శరీరశాస్త్రజ్ఞుడు చార్లెస్ షెరింగ్టన్ 19వ శతాబ్ది చివర దీనిని శోధించి నిరూపించెను. నాడీకణముల పనులను గూర్చిన పరిశోధనలకు ఆయనకును ఎడ్గార్ ఏడ్రియన్‌కును కలిపి 1932లో నోబెల్ బహుమానము లభించినది.

కండరమునకు మరియొక స్వభావము కలదు. దానిని చటుక్కున సాగదీసినచో అది ఎదురుతిరిగి ముడుచుకొనును. కండరములోపల కదురు ఆకారముగల సన్నని అవయవములు ఉన్నవి. కండరము సాగుటను కనిపెట్టి వెన్నుపామునకు వార్త పంపుట వాటి పని. వెన్నుపాము మెదడును అడుగకయే ముడుచుకొమ్మని ఆజ్ఞ ఇచ్చును. వైద్యుడు మోకాలిచిప్ప క్రింద చిన్న సుత్తితో తట్టినప్పుడు కాలు ఎగురుట ఇందువలననే. ఆరోగ్యవంతునిలో మెదడునుండి దిగివచ్చు నాడులు ఈ ఎదురుతిరుగుడును అదుపులో ఉంచును. ఆ నాడులు దెబ్బతిన్నచో అదుపు పోవును. అప్పుడు కొంచెము సాగినను కండరము పెద్ద ఆపద వచ్చినట్లు బిగియును. కొందరిలో పాదమును పైకి నెట్టగానే అది టకటక కొట్టుకొనుట కూడ దీని రూపమే.

ఈ బిగువు కదలిక వేగమును బట్టి మారును. అదే చేతిని త్వరగా చాచినచో నడుమ పట్టుకొని ఆగిపోవును. మెల్లగా చాచినచో చాలదూరము వచ్చును. కనుక ఇంటిలో పాటింపవలసిన మొదటి నియమము నిదానము. చొక్కా తొడుగునప్పుడు బిగిసిన చేతిని ముందుగా తొడుగవలెను. విప్పునప్పుడు దానిని చివర విప్పవలెను. పిడికిలిని విప్పుటకు వ్రేళ్ళకొనలు పట్టి లాగరాదు. మణికట్టును లోపలికి కొంచెము వంచి, బొటనవ్రేలిని దాని మొదలువద్ద పట్టి మెల్లగా వెలుపలికి తెచ్చినచో, తక్కిన వ్రేళ్ళు చాలవరకు తామే సడలును. అరచేతిని కడిగి, తడి లేకుండ తుడిచి, గోళ్ళు కత్తిరించుట ప్రతిదినమును గమనింపదగిన పని.

పిల్లలలో ఈ బిగువునకు ముఖ్యకారణము సెరిబ్రల్ పాల్సీ. ఎదుగుచున్న మెదడునకు గర్భములోగాని, కాన్పు సమయమునగాని, పసితనమునగాని కలిగిన హాని దీనికి మూలము. నెలలు నిండక పుట్టిన బిడ్డలలో ఇది హెచ్చు. దీనిని విపులముగా వర్ణించినవారిలో ప్రథముడు లండను వైద్యుడు విలియం జాన్ లిటిల్. బాల్యమున వచ్చిన జబ్బువలన ఆయన పాదము ఒకటి వంకరపడినది. జర్మనీలోని హానోవరునందు స్ట్రోమయర్ అను శస్త్రవైద్యుడు 1836లో మడమ వెనుకనున్న స్నాయువును ఖండించి ఆ పాదమును సరిచేసెను. మేలు పొందిన లిటిల్ స్వదేశమునకు తిరిగివచ్చి అట్టి రోగుల చికిత్సకు పూనుకొనెను. కష్టమైన కాన్పునకును పిల్లల అవయవముల బిగువునకును గల సంబంధమును 1861లో లండను ప్రసూతివైద్య సంఘమున ఒక వ్యాసముగా చదివెను. చాలకాలము ఇది లిటిల్ వ్యాధియనియే పిలువబడినది. అయితే కాన్పు కష్టమొక్కటే కారణము కాదనియు, చాలమంది బిడ్డలలో హాని కాన్పునకు పూర్వమే కలుగుచున్నదనియు తరువాతి పరిశోధనలు తెలిపినవి. కనుక బిడ్డకు ఇట్లయినదని తల్లిని నిందించుట అన్యాయము.

పెద్దలలో పక్షవాతము, తలకు తగిలిన దెబ్బ, వెన్నుపాము గాయము, మల్టిపుల్ స్క్లిరోసిస్ అను నాడీవ్యాధి దీనికి కారణములు. తాడిచెట్టుపైనుండి పడి వెన్ను విరిగిన గీతకార్మికులు మన జిల్లాలలో ఎందరో కలరు. తిండివలన కూడ కాళ్ళు ఇట్లు బిగియుట కలదు. లంకపప్పును నెలల తరబడి ముఖ్యాహారముగా తిన్న బీదవారిలో ఈ వ్యాధి మధ్యభారతమున కనబడినది. ఆ పప్పులోని విషపదార్థమును 1964లో బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థయందు ఎస్. ఎల్. ఎన్. రావు, పి. ఆర్. అడిగ, పి. ఎస్. శర్మ వేరుచేసి గుర్తించిరి.

పసిబిడ్డలలో ఈ లోపమును ఎంత త్వరగా కనిపెట్టిన అంత మేలు. బిడ్డ 8 నెలలు నిండినను ఆధారము లేక కూర్చుండలేకపోయినచో, 18 నెలలకును నడువకపోయినచో, ఏడాది నిండకముందే ఒక చేతినే వాడుచు రెండవ చేతిని పిడికిలిగా ఉంచుకొన్నచో, నిలువబెట్టినప్పుడు ఎల్లప్పుడును మునివ్రేళ్ళపైననే నిలిచినచో పిల్లల వైద్యునికి చూపవలెను. నెలలు నిండక పుట్టిన బిడ్డకు ఈ వయస్సును పుట్టిన దినమునుండి గాక, పుట్టవలసిన దినమునుండి లెక్కింపవలెను. మేనమామకు కూడ నడక ఆలస్యముగనే వచ్చినదని సరిపెట్టుకొని సంవత్సరములు గడపుట మంచిది కాదు.

చికిత్సను గూర్చి చెప్పుటకు ముందు మూడు విషయములను వేరుచేసి చూపవలసియున్నది. మొదటిది బలహీనత. మెదడు ఆజ్ఞ అందకపోవుటచే కండరము కావలసినప్పుడు పనిచేయదు. రెండవది బిగువు. ఇది పైన వివరించిన ఎదురుతిరుగుడు. మూడవది కురచపడుట. ముడుచుకొన్న స్థితిలోనే నెలల తరబడి ఉన్న కండరము తన పొడవును కోల్పోవును, కీలు గట్టిపడును. అప్పుడు ఎంత నిదానముగా చాచినను, రోగి నిద్రించుచున్నను అది రాదు. బిగువునకు మందులు కలవుగాని కురచపడిన కండరమునకు మందు లేదు. పెద్దలకంటె పిల్లలలో ఈ ప్రమాదము మిక్కుటము. ఏలయన ఎముక పెరుగుచుండగా బిగిసిన కండరము దానితో సమానముగా పెరుగదు. నాలుగేండ్ల వయస్సున మడమ నేలకాన్చి నిలిచిన పిల్లవాడు మెదడులోని లోపము ఏమాత్రము హెచ్చకపోయినను పదియేండ్లకు మునివ్రేళ్ళపై నిలుచుట ఇందువలననే. కావున చికిత్సయొక్క ప్రధానోద్దేశము కండరమును మెత్తబరచుట మాత్రమే కాదు. అది కురచకాకుండ కాపాడుచు, మనిషి తన పని తాను చేసికొనునట్లు చేయుట.

మరియొక సంగతి చాలమందికి వింతగా తోచును. బిగువు అంతయు శత్రువు కాదు. తొడ బలహీనమైన రోగికి మోకాలు బిగిసియుండుటచేతనే నిలుచుట సాధ్యమగుచుండవచ్చును. ఆ బిగువును మందుతో పూర్తిగా తీసివేసినచో కాలు మడతపడి క్రిందపడును. కనుక అనుభవముగల వైద్యుడు ముందుగా ఈ ప్రశ్న వేయును: “ఈ బిగువు మీ ఏ పనికి అడ్డువచ్చుచున్నది?” తొడలు విడక శుభ్రపరచుటకు వీలులేకున్నదా, రాత్రులు కాళ్ళు ఎగిరిపడి నిద్రలేకున్నదా, మడమ ఆనక నడక కుంటుపడుచున్నదా, లేక నొప్పియే బాధించుచున్నదా అని విచారించును. జవాబును బట్టి చికిత్స మారును. ఏ పనికిని అడ్డురాని, నొప్పి కలిగింపని, కీలును కురచచేయని బిగువునకు మందు అక్కరలేకపోవచ్చును.

అంతవరకు నిలకడగా ఉన్న బిగువు ఒకటి రెండు దినములలో హఠాత్తుగా హెచ్చినచో దానిని హెచ్చరికగా గ్రహింపవలెను. మలబద్ధకము, మూత్రము నిలిచిపోవుట, మూత్రమార్గమున చీము, పుండు, లోనికి పెరిగిన గోరు, జ్వరము, పంటినొప్పి, బిగుతైన బట్టలు, ఒరసుకొను చెప్పులు - ఇవన్నియు బిగువును పెంచును. వెన్నుపాము దెబ్బతిన్నవానికి నడుము క్రింద స్పర్శ తెలియదు. పుండు పడినను నొప్పి తెలియదు. అట్టివానికి కాళ్ళ బిగువే నొప్పికి బదులుగా వార్త చెప్పును. కనుక మందు మోతాదు పెంచమని అడుగుటకు ముందు రోగి వీపును, పిరుదులను, మడమలను, పాదములను దీపపు వెలుగున పరీక్షించి, విరేచనము, మూత్రము సరిగా అగుచున్నవో లేవో కనుగొనవలెను.

ఇక ఇంటిలో చేయదగిన పనులు. బిడ్డను వెల్లకిల పరుండబెట్టి గంటలకొలది ఉంచరాదు. మన తల్లులు బిడ్డను చంకనెత్తుకొను పద్ధతి ఇట్టి పిల్లలకు చాల మంచిది. కాళ్ళు తల్లి నడుమునకు ఇరువైపుల విడివడియుండును, తల నిలుచును, లోకము కనబడును. కూర్చుండలేని బిడ్డను రెండు గోడలు కలియు మూలలో, వీపునకు దిండు ఆనించి కూర్చుండబెట్టినచో భుజములు ముందుకు వచ్చి చేతులు ఆటవస్తువుల నందుకొనును. గుండ్రని దిండుపై గుఱ్ఱపుస్వారివలె కూర్చుండబెట్టినచో తొడలు విడివడును. ఫిజియోథెరపిస్టు చూపిన కొలతలకు ఊరి వడ్రంగియే కుర్చీని, నిలుచుటకు ఆధారమగు చట్రమును తయారు చేయగలడు. నూనెతో మృదువుగా మర్దన చేయుట హాయినిచ్చును, తప్పులేదు. కాని బిడ్డ ఏడ్చునంతగా కాలుచేతులను మెలిపెట్టి లాగుట కూడదు.

పక్షవాతము వచ్చిన పెద్దవారిని లేవనెత్తునప్పుడు చచ్చుబడిన చేతిని పట్టి లాగరాదు. భుజపు కీలు జారి తీరని నొప్పి పట్టును. పరుండునప్పుడు ఆ చేతిక్రింద దిండు పెట్టి, మోచేయి కొంత చాచి, అరచేయి తెరచియుండునట్లు అమర్చవలెను. కూర్చుండునప్పుడు రెండు పాదములును నేలకు పూర్తిగా ఆనవలెను. అందనిచో పీట వేయవలెను. స్వయముగా కదలలేనివారిని రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పుచుండవలెను.

దినమునకు పది నిమిషములు కాలుచేతులను లాగి వదలినంతమాత్రమున కండరము కురచకాక మానదు. ఇది పరిశోధనలు తెలుపుచున్న విషయము. టార్డియు మొదలైన ఫ్రెంచి పరిశోధకులు సెరిబ్రల్ పాల్సీ గల పిల్లల పిక్కకండరములను పరిశీలించి 1988లో తమ ఫలితములను ప్రకటించిరి. దినమున కనీసము 6 గంటలు కొంత సాగిన స్థితిలో ఉన్న కండరము కురచకాలేదు. సుమారు 2 గంటలు మాత్రమే సాగినది కురచైనది. దీనిని బట్టి కూర్చుండుట, నిలుచుట, పరుండుట, బడిలో వ్రాసికొనుట మొదలైన నిత్యకృత్యములలోనే కండరము సాగియుండునట్లు అమర్చుట ఎంత అవసరమో తెలియగలదు. మడమకు తొడుగు ప్లాస్టిక్ స్ప్లింట్లు ఇందుకే ఉపయోగపడును. తొడుగు తీసిన పిమ్మట చర్మముపై ఎఱ్ఱని మచ్చ అరగంటలో పోకున్నచో దానిని సరిచేయించవలెను. వీటికి తోడు రోగి స్వయముగా చేయు అభ్యాసము ముఖ్యము. బిగిసిన కండరమునకు బలము పెంచు అభ్యాసము చేసినచో బిగువు హెచ్చునని పూర్వము భయపడెడివారు. ఆ భయము నిరాధారమని తేలినది. గ్లాసు అందుకొనుట, మెట్టెక్కుట, కుర్చీనుండి లేచుట వంటి నిజమైన పనులను పదేపదే చేయుటయే మంచి అభ్యాసము.

మందులలో ఎక్కువగా వాడబడునది బాక్లోఫెన్. దీనిని స్విట్జర్లాండులోని సీబా సంస్థలో 1962లో మూర్ఛరోగము కొరకు తయారుచేసిరి. మూర్ఛకు అది పనికిరాలేదు గాని, కండరముల బిగువును తగ్గించుట కనబడినది. టిజానిడిన్, డయజిపామ్, డాంట్రోలీన్ అనునవి తక్కిన మందులు. ఇవి శరీరమంతటిపై పనిచేయును గనుక మగత, నీరసము కలిగింపవచ్చును. అందుచే కొద్ది మోతాదుతో ప్రారంభించి క్రమముగా పెంచుదురు. బాక్లోఫెన్ వాడువారు మందు అయిపోయినదనియో, గుణము కనబడలేదనియో హఠాత్తుగా మానరాదు. మానినచో బిగువు ఒక్కసారి పెరుగుటయే కాక మూర్ఛలు, మతిభ్రమ, తీవ్రజ్వరము కలిగి ప్రాణాపాయము రావచ్చును. ఊరికి వెళ్ళునప్పుడు చాలినన్ని మాత్రలు వెంట తీసికొని పోవలెను.

ఒకటి రెండు కండరములు మాత్రమే అడ్డువచ్చుచున్నప్పుడు బొటులినమ్ అను పదార్థమును వాటిలోనికి సూదిద్వారా ఎక్కింతురు. చెడిన మాంసాహారమువలన మనుష్యులను చంపు విషము ఇదియే. అతి స్వల్పమైన మోతాదున ఇచ్చినప్పుడు నాడినుండి కండరమునకు పోవు ఆజ్ఞను ఇది ఆపును. అమెరికాలో ఏలన్ స్కాట్ అను కంటివైద్యుడు మెల్లకన్నుకు దీనిని మొదట ప్రయోగించెను. 1989లో కంటి వ్యాధులకు అచ్చటి ప్రభుత్వామోదము లభించినది. కొద్దిదినములలో గుణము కనబడి, సుమారు మూడు నెలలు నిలిచి, క్రమముగా తగ్గిపోవును. ఆ మూడు నెలలు వృథా చేయరాదు. కండరము సడలిన ఆ కాలముననే స్ప్లింట్లు, అభ్యాసము ముమ్మరముగా సాగవలెను. సూదిమందు వేయించి ఇంట ఊరక కూర్చున్నచో ఖర్చు మిగులును గాని ఫలితము మిగులదు. సూది వేసిన తరువాత మ్రింగుటకుగాని, ఊపిరి పీల్చుటకుగాని కష్టమైనచో వెంటనే ఆస్పత్రికి పోవలెను.

బిగువు శరీరమున విస్తారముగా ఉండి మాత్రలకు లొంగనప్పుడు, పొట్ట చర్మముక్రింద చిన్న పంపును అమర్చి, బాక్లోఫెన్‌ను సన్నని గొట్టముద్వారా వెన్నుపాము చుట్టునున్న ద్రవములోనికే పంపుదురు. మాత్రలలో ఇచ్చు మోతాదులో అతి స్వల్పభాగము చాలును. కాలువ్యవధి తప్పక పంపును నింపించుకొనవలెను. ఎంపికచేసిన కొందరు పిల్లలకు, వెన్నుపామునకు వార్త తెచ్చు నాడీమూలములలో కొన్నింటిని ఖండించు శస్త్రచికిత్స కాళ్ళ బిగువును శాశ్వతముగా తగ్గించును. కురచపడిన స్నాయువులను పొడిగించుట ఎముకల వైద్యుని పని. మరియొక జాగ్రత్త కలదు. సెరిబ్రల్ పాల్సీ గల పిల్లలలో సుమారు మూడింట ఒకరికి తుంటికీలు మెల్లగా జారును. మొదట నొప్పి ఉండదు; నొప్పి వచ్చునప్పటికి ఆలస్యమగును. కనుక నడువలేని పిల్లలకు ముఖ్యముగా తుంటి ఎక్స్‌రేలను వైద్యుడు చెప్పిన గడువు ప్రకారము తీయించుచుండవలెను.

మెదడులోని లోపమును పూర్తిగా మాన్పు మందుగాని శస్త్రచికిత్సగాని లేదు. నెలలో నడిపింతుమని చెప్పి వేలకొలది, లక్షలకొలది రూపాయలు గుంజువారి మాటలు నమ్మి, పొలములు నగలు అమ్మినవారిని మేము ఎరుగుదుము. పోయిన ధనముకంటె, ఆ వెదుకులాటలో గడచిపోయిన బిడ్డ పెరుగుదల వయస్సు పెద్ద నష్టము.

కాళ్ళు బిగిసినంతమాత్రమున బుద్ధి బిగియదు. మాట తడబడు పిల్లలలో తెలివిగలవారు ఎందరో కలరు. 1972లో బొంబాయిలో మిథు ఆలూర్ తన కుమార్తెకు తగిన బడి లేకపోవుట చూచి స్పాస్టిక్స్ సొసైటీని స్థాపించిరి. ఆ కుమార్తె మాలినీ చిబ్ ఉన్నత విద్య నభ్యసించి, ఒక్క వ్రేలితో టైపుచేయుచు తన ఆత్మకథను వ్రాసిరి. మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సెరిబ్రల్ పాల్సీని పేర్కొనుటయే కాక, నూటికి 40 పాళ్ళు లేక అంతకు మించిన వైకల్యముగల పిల్లలకు 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచితవిద్యను హక్కుగా ఇచ్చినది. 2013లో ఆరంభమైన బాలల ఆరోగ్య పథకముక్రింద జిల్లాలలో సత్వర చికిత్సా కేంద్రములు ఏర్పడినవి. తలిదండ్రులు ముందుగా అచ్చటికి పోవచ్చును.

ఈ చికిత్సలో హెచ్చు పాలు ఇంటిలోనివారిదే. అది ఒక్కరి పని కారాదు. పగలంతయు బిడ్డను మోయు తల్లి నడుమును కాపాడవలసినదే. తండ్రి, అన్నదమ్ములు, నాయనమ్మ, అమ్మమ్మ తలా ఒక పనిని నేర్చుకొనవలెను. వైద్యునివద్దకు పోవునప్పుడు ఇద్దరైన పోయి ఆ పద్ధతిని కండ్లార చూడవలెను. రానున్న మూడు నెలలలో రోగి తనకు తాను చేసికొనగోరు పని ఒక్కదానిని - చెంచా పట్టుటయో, బల్లపై ఆనుకొనక కూర్చుండుటయో, వాకిటివరకు నడచుటయో - కాగితముపై వ్రాసి వైద్యునికి చూపుడు. ఆ గడువు తీరిన పిమ్మట ఆ పని ఎంతవరకు వచ్చినదో చూచి, తరువాతి పనిని వ్రాసికొనవలెను. ఏ చికిత్స నిలుపవలెనో, ఏది మానవలెనో నిర్ణయించుటకు ఆ కాగితమే ఆధారము.